ఆపరేషన్ థియేటర్ బయట గంటా నలభై నిమిషాలు: మనసు కాలాన్ని ఎలా కొలుస్తుంది?

సంపెంగ (ఎం.వి.పి. కాలనీ), ఆదివారం ఉదయం 7:10

గురువారం మా అమ్మకు పిత్తాశయంలో రాళ్ళు తీసే ఆపరేషన్ జరిగింది. ఇప్పుడు కులాసాగా ఉంది, రేపు ఇంటికి పంపిస్తామన్నారు. ఆ రోజు తలుపు బయట నేను గడిపిన సమయం గురించి ఒక సందేహం వదలడం లేదు. అది అడుగుదామని వచ్చాను.

అమ్మను లోపలికి తీసుకెళ్ళినప్పుడు తొమ్మిదీ ఇరవై. తలుపు మీద ఎర్ర దీపం వెలిగింది. ఎదురుగా గోడ గడియారం. నా చేతిలో అమ్మ గాజులు, ముక్కుపుడక మూటకట్టిన రుమాలు. దీపాన్నీ, గడియారాన్నీ, రుమాలునీ మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాను. చాలాసేపయిందనుకుని తల ఎత్తితే తొమ్మిదీ ముప్పై ఒకటి. ఒకసారి చటుక్కున తల తిప్పి చూసేసరికి సెకన్ల ముల్లు కదలడం లేదు. గడియారం ఆగిపోయిందని లేవబోయాను, అప్పుడు కదిలింది. డాక్టరు గారు బయటికి వచ్చేసరికి సరిగ్గా పదకొండు. గడియారం లేకపోతే నాలుగు గంటలు దాటిందని ఒట్టేసి చెప్పేదాన్ని. మా తమ్ముడు ఆ సేపంతా బిల్లుల కౌంటరు, మందుల షాపు, రక్తం ఇచ్చే స్నేహితుడి కోసం గేటు దాకా పరుగు, ఇలా తిరుగుతూనే ఉన్నాడు. వచ్చీ రాగానే వాడు అన్న మాట, "అప్పుడే అయిపోయిందా?"

అసలు విచిత్రం ఇప్పుడు మొదలైంది. మూడు రోజులయ్యాక నా గంటా నలభై నిమిషాలు ఒక్క బొమ్మగా ముడుచుకుపోయాయి. తలుపు, దీపం, రుమాలు, అంతే. వాడేమో ఆ పొద్దున జరిగింది చెప్పడం మొదలుపెడితే అరగంటయినా పూర్తికాదు. అప్పుడు నాకు పొడుగ్గా, వాడికి పొట్టిగా ఉన్న కాలం ఇప్పుడు తారుమారైంది. దీన్ని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎలా పరిశీలిస్తారు? అనిపించే దాన్ని కొలవడం సాధ్యమా?

వాల్తేరు పాఠాలు, ఆదివారం ఉదయం 8:02

సంపెంగ గారూ, అమ్మగారు త్వరగా కోలుకోవాలి. నేను డిగ్రీ కళాశాలలో మనస్తత్వ శాస్త్రం చెబుతాను. మీరు గమనించిన తారుమారును విలియమ్ జేమ్స్ 1890లోనే రాశాడు. రకరకాల ఆసక్తికరమైన అనుభవాలతో నిండిన సమయం గడిచేటప్పుడు పొట్టిగా, వెనక్కి తిరిగి చూసినప్పుడు పొడుగ్గా ఉంటుందనీ, ఏమీ లేని సమయం దానికి సరిగ్గా వ్యతిరేకమనీ ఆయన పరిశీలన. ప్రయోగాలతో దాన్ని విడదీసి చూపడానికి మరో ఎనభై, తొంభై ఏళ్ళు పట్టింది.

ఆ విడదీయడంలో కీలకం అడిగే పద్ధతి. ఒక బృందానికి ముందే చెబుతారు: "ఈ పని ఎంతసేపు పట్టిందో చివర్లో అడుగుతాం." రెండో బృందానికి ఆ సంగతి చెప్పరు. పదాలు కలపమనో, బొమ్మలు వేరు చేయమనో ఏదో పని ఇచ్చి, అయ్యాక హఠాత్తుగా అడుగుతారు. పని ఒకటే, గడియారంలో సమయం ఒకటే, జవాబులు వేరు. ముందే తెలిసినవాళ్ళ ధ్యాసలో కొంత భాగం కాలం మీదే ఉంటుంది, కాబట్టి వాళ్ళకు ఎక్కువసేపు అనిపిస్తుంది. పని కష్టమైతే ధ్యాస అటు పోయి వాళ్ళ అంచనా తగ్గుతుంది. తెలియనివాళ్ళు మాత్రం జ్ఞాపకంలో ఎంత పోగుపడిందో తడుముకుని చెబుతారు, అక్కడ ఎక్కువ సంగతులుంటే అంచనా పెరుగుతుంది. రిచర్డ్ బ్లాక్, డాన్ జకాయ్ అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలన్నిటినీ కలిపి 1997లో ఈ తేడాను నిర్ధారించారు.

థియేటర్ బయట మీరు మొదటి బృందం, ఈ రోజు రెండో బృందం.

ఇందులో ప్రయోగం చేసేవాళ్ళను సతాయించే చిక్కు ఒకటుంది. చెప్పకుండా అడిగే ప్రశ్న ఒక మనిషిని ఒక్కసారే అడగగలం. రెండోసారి అడిగేసరికి అతనికి తెలిసిపోతుంది, ఇక ఏ పని ఇచ్చినా కాలం మీద ఒక కన్ను వేసి ఉంచుతాడు. ముందే చెప్పే పద్ధతిలో ఒకే మనిషితో వందసార్లు చేయించవచ్చు. చెప్పని పద్ధతికి ప్రతి జవాబుకూ కొత్త మనిషి కావాలి. మన జీవితంలో ఎక్కువగా అక్కరకొచ్చే రెండో రకం మీద ప్రయోగాలు తక్కువగా ఉండటానికి కారణం ఇదే.

సి షిఫ్టు (కూర్మన్నపాలెం), ఆదివారం ఉదయం 9:35

రాత్రి డ్యూటీ దిగి ఇప్పుడే ఇల్లు చేరాను. మేడం గారు చెప్పింది నాకు అక్షరాలా తెలుసు. ఉక్కు కర్మాగారంలో ఇరవై రెండేళ్ళుగా ప్యానెల్ ముందు కూర్చుంటున్నాను. రాత్రి పదికి ఎక్కితే ఉదయం ఆరుకు దిగడం. అన్నీ సవ్యంగా నడిచే రాత్రి రెండు నుంచి నాలుగు దాకా గడియారంలో ముల్లు ఉందా లేదా అనిపిస్తుంది. ఆ రాత్రి గురించి వారం తర్వాత అడిగితే ఒక్క ముక్క గుర్తుండదు. ఏదైనా మొరాయించిన రాత్రి అలా కాదు, కళ్ళు మూసి తెరిచేలోగా తెల్లారిపోతుంది. పదేళ్ళయినా ఎవరు ఏ మెట్టు మీద నిలబడ్డారో కూడా చెప్పగలను.

నా ప్రశ్న వేరే. ఈ ధ్యాస, జ్ఞాపకం సరే. ఒంట్లో నిజంగా గడియారం లాంటిది ఏదైనా ఉందా?

పాత నావికుడు (మల్కాపురం), ఆదివారం ఉదయం 10:20

దీని మీద నాకు ఎప్పటినుంచో ఆసక్తి ఉంది, చదివినవి రాస్తాను. తప్పులుంటే మేడం గారు సరిదిద్దాలి.

హడ్సన్ హోగ్లాండ్ అనే అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త భార్యకు ఫ్లూ జ్వరం వచ్చింది. ఆయన కాసేపు బయటికి వెళ్ళి వస్తే, ఎంతో సేపు వెళ్ళిపోయావని ఆమె నిష్ఠూరమాడింది. మరొకరైతే క్షమించమని ఊరుకునేవాళ్ళు. ఈయన స్టాప్‌వాచ్ తీసి, సెకనుకు ఒకటి చొప్పున అరవై లెక్కపెట్టమన్నాడు. జ్వరం బాగా ఎక్కువగా ఉన్నప్పుడు ఆమె అరవై అంకెలు నలభై సెకన్ల లోపే ముగించింది. జ్వరం తగ్గేకొద్దీ ఆమె నిమిషం అసలు నిమిషానికి దగ్గరగా జరిగింది. లోపల ఏదో రసాయనిక గడియారం ఉందనీ, ఒంటి వేడితో అది జోరందుకుంటుందనీ ఆయన 1933లో ప్రచురించాడు. లోపలిది జోరుగా నడిస్తే బయటిది నత్తనడక నడుస్తున్నట్టు ఉంటుంది కదా.

దీనికి రెండో కొస సముద్రంలో దొరికింది. ఆలన్ బాడ్లీ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త చల్లటి సముద్రంలో మునిగి వచ్చే డైవర్ల చేత, మునగడానికి ముందూ తర్వాతా ఇలాగే అరవై లెక్కపెట్టించాడు. ఒళ్ళు చల్లబడ్డాక వాళ్ళు నెమ్మదిగా లెక్కపెట్టారు. 1966లో వచ్చిన పరిశోధన ఇది.

నేను పనిచేసిన జలాంతర్గామి, బీచ్ ఒడ్డున మ్యూజియంగా నిలిపిన కురుసుర లాంటిదే. లోపల పగలూ రాత్రీ తేడా ఉండదు. చేతి గడియారం పన్నెండు చూపిస్తే అది మిట్టమధ్యాహ్నమో అర్ధరాత్రో తేల్చుకోవడానికి ఒక్క క్షణం పట్టేది. పళ్ళెంలో ఏం వడ్డించారో చూసి తేల్చుకునేవాళ్ళం.

సింహాచలం మెట్లు, ఆదివారం ఉదయం 11:05

క్షమించాలి, నాకు ఇది శాస్త్రంలా కనిపించడం లేదు. జ్వరంతో ఉన్న ఒక్క ఇల్లాలు లెక్క తప్పితే దాని మీద సిద్ధాంతమా? "నాకు ఇలా అనిపించింది" అన్న మాటను తూనికరాళ్ళతో తూచగలమా? నేను లెక్కల మాష్టారిని, మొండిగా అడుగుతున్నానని అనుకోకండి.

వాల్తేరు పాఠాలు, ఆదివారం మధ్యాహ్నం 12:15

మాష్టారూ, అడగాల్సిన ప్రశ్నే అడిగారు. అనిపించిందేమిటో చెప్పమనడం ఒక పద్ధతి మాత్రమే, అన్నిటికన్నా బలహీనమైనది కూడా. దాని పక్కన ఇంకా మూడున్నాయి.

ఒకటి, "పది సెకన్లు అయిందనుకున్నప్పుడు మీట నొక్కండి" అనడం. రెండు, ఒక శబ్దాన్ని కొంతసేపు వినిపించి, అంతేసేపు మీట నొక్కి పట్టుకోమనడం. ఇక్కడ సెకన్లు అన్న మాటే రాదు, కాబట్టి చిన్నపిల్లలతో కూడా చేయించవచ్చు. మూడు, రెండు శబ్దాలు వినిపించి ఏది పొడుగో చెప్పమనడం. ఆ రెంటి మధ్య తేడాను కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, ఎక్కడ తడబడతారో చూస్తారు. మూడింటిలోనూ లోపల అంకెలు లెక్కపెట్టుకుంటే ప్రయోగం పాడవుతుంది. అందుకే తెర మీద వరస లేకుండా వచ్చే అంకెలను పైకి చదివిస్తూనో, ఒకే మాటను పదేపదే పలికిస్తూనో చేయిస్తారు.

ఇక తూనికరాయి సంగతి. పొరపాటుకు ఒక క్రమం లేకపోతే మీరన్నట్టు అది శాస్త్రం కాదు. ఇక్కడ క్రమం ఉంది. ఒక మనిషి పది సెకన్లను పదే పదే అంచనా వేస్తే జవాబులు అటూ ఇటూ ఒక సెకను చెదిరాయనుకోండి, ఇరవై సెకన్ల దగ్గర సుమారు రెండు సెకన్లు చెదురుతాయి. సమయం పెరిగే నిష్పత్తిలోనే చెదురూ పెరుగుతుంది. ఎలుకల్లో, పావురాల్లో కూడా అంతే. జాన్ గిబ్బన్ 1977లో దీన్ని గణిత రూపంలో పెట్టాడు. ఆ నమూనాలో లోపల ఒక యంత్రం టిక్కులు వేస్తూ ఉంటుంది, ఒక పాత్ర వాటిని పోగుచేస్తుంది, ఆ పోగును జ్ఞాపకంలో ఉన్న పాత పోగుతో మనసు పోల్చి చూస్తుంది. సి షిఫ్టు గారు అడిగిన గడియారం ఇదే. అది మెదడులో ఒకే చోట ఉందా, అసలు గడియారం రూపంలో ఉందా అన్నది ఇంకా తేలని వాదం. నేను క్లాసులో దాన్ని ఒక పనికొచ్చే ఊహగానే చెబుతాను.

ఇంకో క్రమం కూడా ఉంది. కార్ల్ ఫాన్ ఫియరోర్ట్ అనే జర్మన్ శరీరధర్మ శాస్త్రవేత్త 1868లోనే గమనించాడు: చిన్న చిన్న విరామాలను మనం పెంచి చెబుతాం, పొడుగువాటిని తగ్గించి చెబుతాం. ఈ మొగ్గు నూట యాభై ఏళ్ళుగా ప్రయోగశాలల్లో కనిపిస్తూనే ఉంది.

లెక్కల మాష్టారు కాబట్టి ఈ కథ కూడా మీకే. 1796లో గ్రీనిచ్ వేధశాల అధిపతి నెవిల్ మాస్కెలీన్ తన సహాయకుడు కిన్నెబ్రూక్‌ను ఉద్యోగంలోంచి తీసేశాడు. దూరదర్శినిలో నక్షత్రం తీగ దాటే క్షణాన్ని గడియారం చప్పుడుతో సరిపోల్చి రాయాలి. సహాయకుడి లెక్క అధిపతి లెక్క కన్నా 0.8 సెకను వెనకబడేది. అశ్రద్ధ అనుకున్నారు. తర్వాత బెసెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త తెలిసినవాళ్ళతో పోల్చి చూస్తే, మంచి పేరున్న పరిశీలకుల మధ్య కూడా ఇలాంటి తేడాలున్నాయని బయటపడింది. ఒక్కొక్కరిదీ ఒక్కో తేడా, అదీ కొంత స్థిరంగా. ఒక మనిషి ఉద్యోగం పోగొట్టిన ఆ సెకను ముక్క నుంచే మనసు వేగాన్ని కొలవవచ్చన్న ఆలోచన పుట్టింది. కిన్నెబ్రూక్ గుర్తొచ్చినప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది.

సింహాచలం మెట్లు, ఆదివారం మధ్యాహ్నం 12:50

నిష్పత్తిలో పెరిగే చెదురు అన్నమాట నాకు చాలు. నా అభ్యంతరంలో సగం వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా సగం జ్వరం కథ మీద ఉంది.

లయ (పెదవాల్తేరు), ఆదివారం మధ్యాహ్నం 2:30

ముప్పై ఏళ్ళుగా మృదంగం నేర్పుతున్నాను. పైన రాసిందాంట్లో నా పనికి నేరుగా తగిలే సంగతి ఉంది. పిల్లలు మధ్యమ కాలంలో తాళం చక్కగా వేస్తారు. చౌక కాలానికి దింపగానే చెయ్యి తొందరపడుతుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం పెరిగితే వాళ్ళకు అది పట్టు చిక్కదు. అప్పుడు నేను చెప్పే కిటుకు ఒకటే: మధ్య ఖాళీని మనసులో తకధిమితో నింపుకో. నింపిన వెంటనే చెయ్యి నిలుస్తుంది. దీనికి మీ శాస్త్రంలో మాట ఉందా?

వాల్తేరు పాఠాలు, ఆదివారం మధ్యాహ్నం 3:05

ఉంది గురువు గారూ. ఫ్రెంచి మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫ్రెస్ దీని మీద చాలా పనిచేశాడు. ఎవరినైనా బల్ల మీద తమకు హాయిగా ఉన్న వేగంతో తట్టమంటే, చాలామంది సెకనులో ఆరు పదో వంతుల ఎడం దగ్గర తడతారు. ఎడం రెండు సెకన్ల దాకా వెళితే దెబ్బలు ఒకదానితో ఒకటి జట్టు కట్టడం మానేస్తాయి, వరస పోయి విడి చప్పుళ్ళు మిగులుతాయి. మీ తకధిమి చేసేది ఆ ఎడాన్ని ముక్కలు చేయడం. ఇందాక చెప్పిన నిష్పత్తి ఇక్కడా పనిచేస్తుంది: ముక్క చిన్నదైతే చెదురూ చిన్నది. ప్రయోగశాలలో మేం లెక్కపెట్టనివ్వకపోవడానికి కారణం మీ కిటుకు అంత బలమైనది కావడమే.

లయ, ఆదివారం మధ్యాహ్నం 3:20

రేపు పిల్లలకు చెబుతాను. ఒక చిన్న మాట: మన పెద్దలు గడియ అన్నది 24 నిమిషాలు, దాంట్లో అరవయ్యో వంతు విగడియ 24 సెకన్లు. అడుగున చిల్లి ఉన్న రాగి గిన్నెను నీటిలో వదిలితే అది నిండి మునిగే సేపు గడియ. గడియారం అన్న మాట అక్కడిదే. నిమేషం అంటేనేమో రెప్పపాటు. దాన్నే నిమిషం చేసి అరవై సెకన్లకు పెట్టుకున్నాం. ఒకటి గిన్నె కొలత, ఒకటి కంటి కొలత.

హనుమంతవాక, ఆదివారం సాయంత్రం 4:45

నా అనుభవం రాస్తాను. నాలుగేళ్ళ కిందట వాన రోజు జంక్షన్ దగ్గర స్కూటరు జారింది. పడుతున్నంతసేపూ అంతా నెమ్మదిగా జరిగింది. టిఫిను డబ్బా మూత ఊడి పులిహోర గాలిలో విడివిడి మెతుకులుగా లేవడం చూశాను. ఎదురుగా వచ్చే ఆటో అద్దం మీద నిమ్మకాయలు, మిరపకాయల దండ ఊగడం చూశాను. ప్రమాదంలో మెదడు వేగం పెంచుకుంటుందనీ, సినిమాలో నెమ్మదిగా చూపించే కెమెరాలా సెకనుకు ఎక్కువ బొమ్మలు తీస్తుందనీ ఎక్కడో చదివాను. నాకు అది నిజమే అనిపిస్తుంది.

వాల్తేరు పాఠాలు, ఆదివారం సాయంత్రం 5:30

మీరు క్షేమంగా బయటపడినందుకు సంతోషం. ఈ కెమెరా ఊహను సూటిగా పరీక్షించారు. అమెరికాలో డేవిడ్ ఈగిల్‌మన్, ఆయన సహచరులు మనుషులను 31 మీటర్ల ఎత్తు నుంచి, తాళ్ళేమీ లేకుండా, కింద కట్టిన వలలోకి వెల్లకిలా వదిలారు. ముందు ఇతరులు పడటం చూపించి ఎంతసేపు పట్టిందో మనసులో లెక్క వేయించారు. తర్వాత తమ పతనాన్ని అలాగే లెక్క వేయమంటే సగటున 36 శాతం ఎక్కువ చెప్పారు. ఇంతవరకూ మీ అనుభవమే.

అసలు కిటుకు మణికట్టుకు కట్టిన చిన్న తెరలో ఉంది. దాని మీద అంకె, దాని వ్యతిరేక బొమ్మ ఒకదాని వెంట ఒకటి ఎంత వేగంగా మారతాయంటే, మామూలుగా చూస్తే రెండూ కలిసిపోయి ఏమీ చదవలేం. పడేటప్పుడు కన్ను నిజంగా ఎక్కువ బొమ్మలు తీస్తుంటే అంకె విడిపోయి కనిపించాలి. ఎవరికీ అలా కనిపించలేదు. 2007లో ఫలితం ప్రచురించారు. వాళ్ళ వివరణ జ్ఞాపకం వైపు మొగ్గింది: భయం పుట్టిన క్షణాలను మెదడు దట్టంగా రాసుకుంటుంది, తర్వాత తిరగేస్తే అంత దట్టమైన పుట చాలాసేపు పట్టి ఉంటుందని తోస్తుంది.

హనుమంతవాక, ఆదివారం సాయంత్రం 5:48

అయితే ఆ మెతుకులు నేను చూడలేదా?

వాల్తేరు పాఠాలు, ఆదివారం సాయంత్రం 5:55

చూశారు. ప్రతి రోజూ అలాంటివి చూసి వదిలేస్తారు. ఆ రోజు వదల్లేదు.

భీమిలి బడి, ఆదివారం సాయంత్రం 6:40

నాలుగో తరగతికి చెబుతాను. పోయిన ఏడాది పిల్లలను కళ్ళు మూసుకుని, నిమిషం అయిందనిపించినప్పుడు చెయ్యి ఎత్తమన్నాను. అరనిమిషం కాకముందే సగం చేతులు లేచాయి. ఒక పాప మాత్రం నిమిషం దాటినా ఎత్తలేదు. అడిగితే, "కిటికీ దగ్గర కాకి అరుస్తోంది, అది వింటున్నాను టీచర్" అంది. మేడం గారు చెప్పిన ధ్యాస సంగతి ఆ పాప అప్పుడే చెప్పేసింది.

అటు మా నాన్నగారికి డెబ్బై ఆరు. ఉగాది నిన్న కాక మొన్న అయినట్టుంది, మళ్ళీ వచ్చేసిందంటారు. పదేళ్ళ పిల్లకు ఏడాది తన బతుకులో పదో వంతు, ఆయనకు డెబ్బై ఆరో వంతు కాబట్టే అలా అనిపిస్తుందని విన్నాను. సరైనదేనా?

వాల్తేరు పాఠాలు, ఆదివారం రాత్రి 7:25

ఆ లెక్క 1877లో పాల్ జానె అనే ఫ్రెంచి తాత్త్వికుడిది. వినడానికి బాగుంటుంది, కానీ అది వివరణ కాదు, పోలిక. అదే నిజమైతే నాన్నగారికి ప్రతి గంటా, ప్రతి వారమూ అదే నిష్పత్తిలో పరుగెత్తాలి. మార్క్ విట్మన్, సాండ్రా లేన్‌హోఫ్ 2005లో జర్మనీ, ఆస్ట్రియాలలో 14 నుంచి 94 ఏళ్ళ దాకా 499 మందిని అడిగారు. వారం, నెల, ఏడాది ఎంత వేగంగా గడుస్తున్నాయన్న దాంట్లో వయసు వల్ల తేడా చాలా స్వల్పం. గడిచిన పదేళ్ళు ఎలా గడిచాయన్న దగ్గరే పెద్దవాళ్ళు ఎక్కువ వేగమన్నారు. వెనక్కి తిరిగి చూసినప్పుడు, అదీ పెద్ద ఎడాల్లో, ఈ సంగతి బయటపడుతుంది. మొదటిసారి జరిగేవి తగ్గిపోవడం, రోజులు ఒకదాని మీద ఒకటి అచ్చు గుద్దినట్టు ఉండటం కారణం కావచ్చని చాలామంది భావిస్తారు. నాకూ అదే సబబుగా తోస్తుంది.

సి షిఫ్టు, ఆదివారం రాత్రి 8:10

నిద్ర లేచి అన్నీ చదివాను. లెక్కల మాష్టారిలా నాకూ జ్వరం కథ మీద ఒక అనుమానం. తెల్లవారుజామున ఒంటి వేడి తగ్గుతుందని మా డాక్టరు చెప్పారు. చల్లబడితే లోపలి గడియారం మందగించి, బయటి సమయం జోరుగా పోవాలి. మరి నాకు రెండు నుంచి నాలుగు దాకా ముల్లే కదలదేం?

వాల్తేరు పాఠాలు, ఆదివారం రాత్రి 8:40

మంచి పట్టు పట్టారు. ఒంటి వేడి రోజులో మారేది ఒక డిగ్రీ లోపు. జ్వరంలో మారేది రెండు మూడు డిగ్రీలు. ఆ చిన్న తేడాను ఖాళీగా ప్యానెల్ చూస్తూ గడియారం వైపు పోయే మీ ధ్యాస సులువుగా మింగేస్తుంది. ఒక మనిషిలో ఈ రెండూ ఒకేసారి పనిచేస్తుంటే ఏది ఎంతని విడదీయడం కష్టం. ప్రయోగశాల అవసరం పడేది అక్కడే. మాష్టారి మిగతా సగం అభ్యంతరానికీ ఇదే జవాబు: జ్వరం కథ ఒక్క ఇంట్లో మొదలైంది, తర్వాత చాలామంది ఒంటి వేడిని మార్చి మార్చి పరీక్షించారు, మొత్తం మీద మొగ్గు హోగ్లాండ్ చెప్పిన వైపే ఉంది.

ఇంకో మాట. రోజును నడిపే గడియారం వేరు, సెకన్లను నడిపేది వేరు. మొదటిది మెదడు అడుగున హైపోథాలమస్‌లో ఉంటుంది, వెలుతురును చూసి తనను తాను సరిచేసుకుంటుంది. రాత్రి షిఫ్టు చేసేవాళ్ళు ఇబ్బంది పడేది దానితో.

పాత నావికుడు, ఆదివారం రాత్రి 9:15

ఆ రెండు గడియారాలూ విడిపోవడం కళ్ళారా చూసినవాడు మిషెల్ సిఫ్రె. ఫ్రెంచి భూగర్భ శాస్త్రవేత్త. 1962లో ఆల్ప్స్ పర్వతాల్లో స్కరాసోన్ గుహలో, గడియారం లేకుండా, సూర్యుడు కనిపించకుండా రెండు నెలలు ఒంటరిగా ఉన్నాడు. లేచినప్పుడూ, తిన్నప్పుడూ, పడుకునేటప్పుడూ పైన ఉన్నవాళ్ళకు ఫోను చేయాలి. పైవాళ్ళు మాత్రం తమంతట తాము చేయకూడదు, సమయం చెప్పకూడదు. సెప్టెంబరు 14న బయటికి రమ్మంటే అతని లెక్కలో అది ఆగస్టు 20. ఇరవై అయిదు రోజులు ఎక్కడో జారిపోయాయి. సెకనుకు ఒకటి చొప్పున 120 లెక్కపెట్టమంటే అయిదు నిమిషాలు తీసుకున్నాడు. అయినా అతని నిద్రా మెలకువల చక్రం దాదాపు ఇరవై నాలుగున్నర గంటల దగ్గర చెక్కుచెదరకుండా నడిచింది. ఒంటికి రోజు తెలిసింది, మనసుకు తెలియలేదు.

నేను మూడు వారాలకు మించి నీటి అడుగున లేను. గడియారమూ ఉంది, జతగాళ్ళూ ఉన్నారు. అయినా ఒడ్డుకు వచ్చి డాల్ఫిన్స్ నోస్ కొండ మీద దీపస్తంభం చూసినప్పుడు, వెళ్ళిన రోజు నిన్నటిలానే ఉండేది. మధ్య రోజులన్నీ ఒకే రోజుగా కుట్టేసినట్టు ఉండేవి.

సింహాచలం మెట్లు, ఆదివారం రాత్రి 9:40

మన విశాఖవాళ్ళందరికీ ఉమ్మడి పరీక్ష ఒకటి తోచింది. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్. గాలి హోరు మధ్యలో ఒక్కసారిగా ఆగింది కదా, తుపాను కన్ను మన మీదుగా వెళ్ళినప్పుడు. ఆ నిశ్శబ్దం ఎంతసేపు ఉందో ఎవరికి వారు, వెతకకుండా, రాయండి. నేను నలభై నిమిషాలంటాను.

భీమిలి బడి, ఆదివారం రాత్రి 9:48

పది, పదిహేను నిమిషాలు. బాల్కనీలో చెట్టుకొమ్మ తీసేలోపే మళ్ళీ మొదలైంది.

సి షిఫ్టు, ఆదివారం రాత్రి 9:52

గంట పైనే. పక్కింటి ముసలమ్మను మేడ మీద నుంచి కిందికి దింపాం, రేకులు ఎగిరిపోయిన గదిలోంచి బియ్యం బస్తా మోశాం, టీ కూడా పెట్టుకున్నాం.

హనుమంతవాక, ఆదివారం రాత్రి 9:58

మేం తలుపు తీయనే లేదు. అయిదు నిమిషాలని చెబుతాను.

వాల్తేరు పాఠాలు, ఆదివారం రాత్రి 10:20

ఎవరిది సరైనదో తేల్చబోవడం లేదు, ఊరిలో ఒక్కో చోట కన్ను దాటిన సేపు కూడా ఒకటే కాకపోవచ్చు. జవాబు ఎలా తయారైందో మాత్రం చూడండి. ముగ్గురి లెక్కకు ఆధారం వాళ్ళు చేసిన పనులు, లేదా చేయకపోవడం. సి షిఫ్టు గారు బస్తా, ముసలమ్మ, టీ, మూడూ కూడి గంట చేశారు. హనుమంతవాక గారికి కూడడానికి ఏమీ లేదు. జ్ఞాపకంలో నిడివి అంటూ విడిగా దాచి ఉండదు, అడిగినప్పుడు ఇలా సంగతులతో కట్టుకుంటాం. పైగా ఇన్నేళ్ళుగా ఎన్నోసార్లు చెప్పుకున్న కథ ఇది. చెప్పిన ప్రతిసారీ ఒక ఇటుక కలిసి ఉంటుంది. అందుకే ప్రయోగాల్లో పని అయిన వెంటనే అడుగుతారు.

మాష్టారి నలభై ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలని ఉంది.

సింహాచలం మెట్లు, ఆదివారం రాత్రి 10:31

మా ఆవిడ, పిల్లలు ఆ పక్క వీధిలో ఇరుక్కున్నారు. వెళ్ళి తీసుకొచ్చాను. మామూలు రోజున పోను ఇరవై, రాను ఇరవై నిమిషాల దారి. ఇప్పటిదాకా అది నా కళ్ళతో చూసిన నలభై అనుకున్నాను. కూడిక అని ఇప్పుడే తెలిసింది.

సంపెంగ, సోమవారం రాత్రి 8:15

అమ్మను ఇంటికి తెచ్చాం. ఆపరేషన్ థియేటర్ బయట ముల్లు ఆగినట్టు కనిపించిన సంగతి ఎవరూ ఎత్తలేదు. మేడం గారూ, అదొక్కటి చెప్పండి.

వాల్తేరు పాఠాలు, సోమవారం రాత్రి 8:35

మరిచిపోయాను, మన్నించండి. కన్ను ఒక చోటి నుంచి మరో చోటికి దూకేటప్పుడు మధ్యలో అంతా చెరిగిపోయినట్టుంటుంది. ఆ చెరిగిన ముక్కను మెదడు దూకిన తర్వాత కనిపించిన బొమ్మతో పూడ్చుకుంటుంది, అంటే ముల్లు ఆ చోట అంతకుముందు నుంచే ఉన్నట్టు లెక్క వేస్తుంది. అందుకే మొదటి సెకను తక్కినవాటి కన్నా పొడుగు. కీలన్ యారో బృందం 2001లో దీన్ని కొలిచి చూపింది. ముల్లు టిక్కుటిక్కున ఆగి కదిలే గడియారం వైపు చటుక్కున చూడండి, ఎవరికైనా కనిపిస్తుంది. ఆందోళన అక్కర్లేదు.

సంపెంగ, సోమవారం రాత్రి 9:50

మా ఇంటిల్లిపాదీ హాలులో గడియారం వైపు తలలు తిప్పి చూశాం. అందరికీ ఆగింది. నాన్నగారు మాత్రం బ్యాటరీ మార్చాలంటున్నారు.

అమ్మ గురించి ఒకటి రాసి పడుకుంటాను. మొన్న రాయలేదు, ఎందుకో ఇవాళ రాయాలనిపిస్తోంది. లోపలికి తీసుకెళ్ళేటప్పుడు అమ్మ విష్ణు సహస్రనామం చదువుకుంటూ వెళ్ళింది. రోజూ పొద్దున చదువుతుంది, పాలు పొయ్యి మీద పెట్టడం, కుక్కరు దింపడం అన్నీ దాని లెక్కనే. మత్తు ఇచ్చేటప్పుడు కూడా పెదవులు కదుపుతూనే ఉందట. పదకొండు దాటాక నన్ను లోపలికి పిలిచారు. కళ్ళు ఇంకా పూర్తిగా తెరవలేదు, పెదవులు కదులుతున్నాయి. వంగి చెవి దగ్గర పెడితే, చదువుతోంది. శ్లోకం మొదలు కాదు, నడుమ నుంచి. కాసేపటికి నన్ను చూసి, "ఇంకా తీసుకెళ్ళలేదేమే?" అంది.

ఇవాళ అడిగాను, నిద్రపోయి లేచినట్టు ఉందా అని. "నిద్రపోతే ఎంతో కొంత పొద్దు పోయినట్టు తెలుస్తుంది కదే. ఇది అలా లేదు. ఒక నామం పలికాను, పక్క నామం పలికాను. మధ్యలో ఏమీ లేదు" అంది.

పాత నావికుడు, సోమవారం రాత్రి 10:05

న్యూజిలాండులో 2012లో తేనెటీగలకు పగటిపూట ఆరు గంటలు ఇదే రకం మత్తు ఇచ్చి చూశారు. లేచాక వాటి రోజు గడియారం కొన్ని గంటలు వెనకబడింది, తిండికి వెళ్ళే వేళ తప్పింది. మామూలు నిద్రలో ఆ గడియారం ఆగదు. అమ్మగారు చెప్పిన తేడా సరిగ్గా పట్టుకున్నట్టుంది. రెండు రోజులు పొద్దున వెలుతురులో కూర్చోబెట్టండి అమ్మా.

సంపెంగ, సోమవారం రాత్రి 10:12

వరండాలో తూర్పు వైపు కుర్చీ వేశాను. పొద్దున ఆరింటికి ఎండ అక్కడికే వస్తుంది.